పొలిమేర దాటని పాఠం

మిడిల్ స్కూలు పిల్లలకు చరిత్ర మీద ఆసక్తి లేదన్న ఫిర్యాదు మనం తరచుగా వింటుంటాం. నేనీ మాట ఒప్పుకోను. కొండమీద కోటలో సొరంగం ఉందా, చెరువు దగ్గర రాతిమీద కత్తి పట్టుకుని నిలబడ్డ మనిషి ఎవరు, మన ఊరికి ఈ పేరు ఎందుకు వచ్చింది అని పన్నెండేళ్ల పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలు పాఠంలో లేవు. పాఠం చెప్పే జవాబులు పిల్లలు అడిగిన వాటికి కావు. లోపం పిల్లల ఆసక్తిలో లేదు, వాళ్లకోసం మనం రాస్తున్న రాతలో ఉంది. అందుకే ఈ సంగతిని విద్యాశాఖకు వదిలేయకుండా ఒక సాహిత్య పత్రికలో చర్చించాలనుకుంటున్నాను. ఉదాహరణకు మా పావగడ తాలూకాను తీసుకుంటాను. ఇక్కడ చిక్కు మరీ స్పష్టంగా కనబడుతుంది.

కర్ణాటక పటంలో పావగడ విడిగా వేలాడుతున్నట్టు ఉంటుంది. పడమట చిత్రదుర్గ జిల్లాతో కొద్దిపాటి అతుకు, మిగిలిన చుట్టుపక్కలంతా ఆంధ్రప్రదేశ్. జిల్లా కేంద్రమైన తుమకూరుకు పోయే దారి కూడా నడుమ ఆంధ్ర నేల తొక్కి మళ్లీ కర్ణాటకలో అడుగుపెడుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. ఈ గీత ఎప్పుడు పడింది? 1799లో శ్రీరంగపట్టణం పడిపోయాక టిప్పు రాజ్యాన్ని పంచుకున్నారు. పావగడ మైసూరు రాజుల పాలు వచ్చింది. నైజాము తన వాటాను 1800లో కుంఫిణీ వారికి వదులుకున్నాడు. పెనుకొండ, మడకశిర సీమలు అలా దత్తమండలాల్లో చేరాయి. 1956లో భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడూ పావగడ మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. పావగడ పిల్లవాడికి చెప్పవలసిన మొదటి చరిత్ర కథ నిజానికి ఇదే. రోజూ బస్సులో దాటే గీత ఎందుకుందో తెలుసుకోవాలని ఎవరికి ఉండదు?

ఇప్పుడు పిల్లలకు అందే రచనలను చూద్దాం.

మొదటిది పాఠ్యపుస్తకం. కర్ణాటక ఆరో తరగతి సాంఘిక పుస్తకంలో రాష్ట్రాన్ని నాలుగు విభాగాలుగా చేసి పరిచయం చేస్తూ పాఠం పెట్టారు. ఉద్దేశం మెచ్చుకోదగినదే. కానీ తుమకూరు చేరిన బెంగళూరు విభాగంలో 9 జిల్లాలున్నాయి. అన్నింటినీ కొద్ది పుటల్లో ఇమిడ్చేసరికి రాజవంశాలు, నదులు, పంటలు, ప్రసిద్ధులు అనే జాబితా మిగులుతుంది. జాబితాను బట్టీ పట్టవచ్చు, ప్రశ్నించడానికి అందులో ఏముంటుంది? రెండో ఇబ్బంది ఇంకా లోతైనది. పాఠం రాష్ట్రపు హద్దు దగ్గర ఆగిపోతుంది. నొలంబుల రాజధాని హెంజేరు, అంటే నేటి హేమావతి, శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురం మండలంలో ఉంది. కర్ణాటక పటంలో ఆ ఊరు లేదు. ఆంధ్ర పటంలో అది ఒక మూల. నొలంబుల శాసనాల్లో ఎక్కువభాగం కన్నడం. ఆ ఊరి శిల్పాలు కొన్ని మద్రాసు మ్యూజియం చేరాయి. శివరామమూర్తి వాటి మీద 1964లో ఒక పుస్తకమే రాశారు. ఒక ఊరి చరిత్ర ఇలా మూడు రాష్ట్రాల్లో పంచబడి ఉంటే, పక్క తాలూకాలో చదివే పిల్లలకు ఏ పుస్తకమూ దాన్ని ఒక్కచోట చేర్చి ఇవ్వదు.

రెండోది గుళ్ల దగ్గర అమ్మే స్థలపురాణం. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. పావగడ శనీశ్వరుని గుడికి వచ్చే జనానికీ, నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామిని కొలిచేవారికీ ఊరి గతాన్ని గురించి చదవడానికి దొరికేది అదొక్కటే. పైగా అందులో కథ ఉంటుంది. నాగలమడికెనే చూడండి. మడక అంటే మా సీమ తెలుగులో నాగలి. దున్నే మడకకు నాగప్ప తగిలాడని ఊరి కథ. పావగడకు పాముకొండ అనే పేరును పాత గెజిటీర్లు చెబుతాయి. రెండు చోట్లా పామే ఎందుకు వచ్చింది? మడకకు తగిలిన రాయి అంతకుముందు అక్కడ ఎవరు పూజించింది? పిల్లలు ఇక్కడ ఆగి ఆలోచించగలరు. స్థలపురాణం మాత్రం ఆగదు, మహిమ చెప్పి హారతి ఇచ్చేస్తుంది. కథను నమ్మడమో నవ్వడమో తప్ప మూడో మార్గం చూపదు. మూడో మార్గం ఒకటుంది: ఈ కథను ఎవరు చెబుతున్నారు, ఎప్పటినుంచి, పక్క ఊళ్లో దీన్ని ఎలా చెబుతారు అని అడగడం.

మూడోది చారిత్రక నవల, సినిమా. కర్ణాటకలో ఒనకె ఓబవ్వ తెలియని పిల్లలు లేరు. చిత్రదుర్గం కోటగోడలో ఒక కంతగుండా హైదరు సైనికులు దూరుతుంటే రోకలితో కొట్టి నిలువరించిన కావలివాని భార్య. త.రా.సు. నవలలు ఆధారంగా 1972లో వచ్చిన ‘నాగరహావు’ సినిమాలోని పాట ఆమెను ఇంటింటికీ చేర్చింది. ఆ కథ ఎందుకు అంత బాగా నాటుకుంది? ఆయుధం రోకలి. అది ప్రతి ఇంటి మూలనా ఉండేది. చేసిన మనిషి రాణి కాదు. జరిగిన చోటు నేటికీ చూడవచ్చు. పాఠం రాసేవారు నేర్చుకోవలసిన రహస్యం ఇదంతా. అయితే ఓబవ్వ కథ విన్న పావగడ పిల్లలకు తమ నిడుగల్లు కొండమీద ఏం జరిగిందో తెలియదు. అక్కడి పాళెగాళ్లనూ హైదరు లొంగదీసుకున్నాడు. పక్క దుర్గానికి ఒక గొప్ప నవలాకారుడు దొరికాడు గనక దానికి చరిత్ర ఉంది, మనకు దొరకలేదు గనక లేదు అని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్లది కాదు. గిజుభాయి ‘పగటి కల’లో లక్ష్మీరాం మాస్టారు నాలుగో తరగతికి చరిత్రను కథలుగానే చెబుతాడు. ఆ వయసుకు అది చాలు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసుకు కథతో పాటు, అది నిజమని ఎలా తెలుసు అనే ప్రశ్న కూడా రుచిస్తుంది.

నాలుగో రకం రచన మనదే, తెలుగువాళ్లది. దీన్ని గురించి మొగమాటం లేకుండా మాట్లాడాలి. అల్పసంఖ్యాక భాషవాళ్లం గనక మనకొక ఆబ ఉంటుంది. ఎక్కడ పాత రాయి కనబడినా ఇది మన రాజులది అనాలనిపిస్తుంది. నిడుగల్లు చోళులు చేతికి దొరికిన ఉదాహరణ. కరికాలుని వంశమని చెప్పుకున్నవారు, తెలుగు చోళుల శాఖగా లెక్కకు వచ్చేవారు. ఇంకేం, పావగడను తెలుగు రాజులు ఏలారని ఒక వ్యాసం సిద్ధం. కానీ వాళ్ల శాసనాలు చూడండి, ఎక్కువ కన్నడమే. వాళ్ల బిరుదు ఒరెయూరు పురవరాధీశ్వరులని. ఆ ఒరెయూరు నేటి తిరుచిరాపల్లిలో కలిసిపోయింది. ఏలిన తొలి పట్టణం హెంజేరు ఇప్పుడు ఆంధ్రలో, కొండ కర్ణాటకలో, గొప్పగా చెప్పుకున్న ఊరు తమిళనాట. వీళ్లను ఏ భాషకు రాసివ్వాలి? కొండ పేరునే అడుగుదాం. నిడు అంటే పొడవు, తెలుగులో నిడుద, నిడుపు ఉన్నాయి. కన్నడంలోనూ అదే మాట. కల్లు కన్నడమంటారా? మన వంటింట్లో సన్నెకల్లు ఉంది. రెండు భాషలూ తమదనగల పేరును ఒక భాష ఖాతాలో వేయడం పిల్లలకు నేర్పవలసిన విద్య కాదు. అటువైపు లేపాక్షి గుడిలో కన్నడ శాసనాలున్నాయని కర్ణాటకలో ఎవరైనా ఆ గుడిని తమదంటే మనకెలా ఉంటుందో, ఇదీ అంతే.

అయితే ఎలా రాయాలి? నా దృష్టిలో మనకు మన భాషలోనే ఒక పాత నమూనా ఉంది. అది కైఫీయతు. శ్రీరంగపట్టణం పతనమయ్యాక కల్నల్ మెకంజీ మైసూరు సీమను సర్వే చేస్తూ, కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య వంటి తెలుగువారి సాయంతో ఊరూరి వృత్తాంతాలు సేకరించాడు. దత్తమండలాల కైఫీయతులు తెలుగులో ఉన్నాయి. ఊరి పేరు ఎలా వచ్చింది, పొలిమేరలు ఏవి, చెరువులెన్ని, గుళ్లెన్ని, మాన్యాలు ఎవరివి, ఎవరి తర్వాత ఎవరు ఏలారు – ఇలా సాగుతుంది ఆ రాత. అందులో పుక్కిటి పురాణమూ ఉంటుంది, పన్నుల లెక్కా ఉంటుంది. ఊరి పెద్దలు చెప్పారని, కరణం కవిలెలో ఉందని ఆధారం కూడా చెబుతుంది. ఇంతకంటే మంచి పాఠ్యప్రణాళిక ఏముంది? ఏడో తరగతి పిల్లలు ఏడాదికి ఒక్క పని చేస్తే చాలు: తమ ఊరి కైఫీయతు తామే రాయడం. కరణం అని అటువైపు, శానుభోగులని ఇటువైపు ఎందుకంటారన్నదే మొదటి ప్రశ్న కావచ్చు.

ఇది ఎలా నడుస్తుందో రెండు ఉదాహరణలు చెబుతాను. ఒకటి రాయి, రెండోది నీరు.

మా ప్రాంతంలో వీరగల్లులు చెరువు కట్టల మీద, పొలాల గట్ల మీద, గుడి వెనకాల కనిపిస్తాయి. కొన్నింటికి పసుపు, కుంకుమ పెట్టి దేవుణ్ణి చేశారు. కొన్నింటిమీద బట్టలు ఉతుకుతున్నారు. సాధారణంగా ఆ రాతిమీద మూడు పలకలుంటాయి. కింది పలకలో పోరు, మధ్యలో అప్సరసలు వీరుణ్ణి ఎత్తుకుపోవడం, పైన శివలింగం ముందు అతడు కూర్చోవడం. కింది నుంచి పైకి చదవాలి. ఈ ఒక్క సూచన ఇచ్చి పిల్లలను రాతి ముందు కూర్చోబెడితే బొమ్మల కథ చదివినట్టే చదువుతారు. తర్వాత ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. కింద ఆవులెందుకున్నాయి? వానలు తక్కువైన సీమలో పసులే ఆస్తి, పసులను తోలుకుపోవడమే యుద్ధం. చనిపోయినవాని ఇంటివాళ్లను ఎవరు సాకారు? కన్నడ శాసనాల్లో నెత్తరు కొడగె అనే మాట ఉంది, చిందిన రక్తానికి బదులుగా ఇచ్చిన మాన్యం. నెత్తురు అనే మన మాట ఆ రాతిలో పలికితే తెలుగు పిల్లవాడి చెవి నిక్కదా? పక్కనే మాస్తికల్లు ఉంటే పాఠం కష్టమవుతుంది. గాజుల చెయ్యి పైకెత్తి నిలిచిన ఆ స్త్రీ మగనితో పాటు కాలిపోయిన మనిషి. దాన్ని పూజగా చెప్పకూడదు, దాటవేయనూ కూడదు. ఆమెను ఎవరైనా అడిగారా అని ఒక ఆడపిల్ల ప్రశ్నిస్తే, ఆ రోజు చరిత్ర పాఠం బాగా జరిగినట్టే. జాగ్రత్త ఒకటి: రాతిమీద సుద్ద రుద్దడం, రంగు వేయడం వద్దు. కాగితం మీద బొమ్మ గీసుకోవడం చాలు.

ఈ తాలూకా శాసనాలు బి.ఎల్. రైస్ 1904లో అచ్చువేసిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పన్నెండో సంపుటంలో, తుమకూరు జిల్లా కింద ఉన్నాయి. ఊరి పేర్లతో సహా ఉన్నాయి. ఆ సంపుటం నుంచి తమ ఊరి శాసనాన్ని ఒకటి పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటిస్తే ఏమిటి కష్టం? పదో శతాబ్దపు అక్షరం తెలుగు, కన్నడ లిపులు రెండింటికీ పూర్వరూపం. ఏ లిపి వచ్చిన పిల్లవాడైనా నాలుగు అక్షరాలు గుర్తుపట్టగలడు.

రెండో ఉదాహరణ చెరువు. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు 12 సాధనాలు, 6 దోషాలు అది లెక్కగట్టి చెబుతుంది. నీటి విద్య తెలిసిన మనిషి కావాలి, గట్టి నేల కావాలి, మంచినీటి వాగు కావాలి, దగ్గరలో రాయి దొరకాలి, పనివాళ్లు నేర్పరులై ఉండాలి. రోజూ 1,000 మంది కూలీలు, 100 బండ్లు రెండేళ్లపాటు పనిచేస్తే ఆ చెరువు తయారైందని కూడా రాసుకున్నారు. ఆ జాబితాను పిల్లల చేతికిచ్చి తమ ఊరి చెరువుకు మార్కులు వేయమనండి. కట్ట పొడవు అడుగులతో కొలుస్తారు, తూము ఎక్కడుందో వెతుకుతారు, మరవ పారిన ఏడు ఏదని అవ్వలను అడుగుతారు. అవ్వ జవాబు అంకెలో రాదు, ఫలానావాడి పెళ్లి ఏడు అని వస్తుంది. ఆ పెళ్లి ఏడును తేదీగా మార్చడమే చరిత్రకారుని పని అని వాళ్లకు తెలిసిపోతుంది.

ఆ 6 దోషాల్లో ఒకదాని దగ్గర పావగడ పిల్లలు తప్పక ఆగుతారు. చెరువు రెండు రాజ్యాల హద్దులో ఉండటం దోషమని ఆ శాసనం చెబుతుంది. ఉత్తర పినాకిని, మన పెన్న, నంది కొండల దిక్కున పుట్టి, హిందూపురం వైపు పోయి, నాగలమడికె దగ్గర మళ్లీ కర్ణాటకను తాకి, పేరూరు జలాశయం వైపు ఆంధ్రలోకి వెళుతుంది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. కొన్ని నదుల మీద మద్రాసును సంప్రదించకుండా మైసూరు కొత్త సేద్యపు పనులు చేపట్టరాదని. ఆ నదుల పట్టికలో ఉత్తర పినాకిని ఉంది. 1369 నాటి రాయి, 1892 నాటి కాగితం, ఇసుక తేలిన నేటి ఏరు – మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. బోరునీటిలో ఫ్లోరైడుతో పళ్లు గారపట్టిన పిల్లలున్న తాలూకాలో నీటి చరిత్ర కంటే ఆసక్తి కలిగించే పాఠం ఏముంటుంది? దీన్ని చెప్పాలంటే పాఠం పొలిమేర దాటక తప్పదు. పావగడ బడి పిల్లలు, హేమావతి బడి పిల్లలు తమ తమ కైఫీయతులను ఉత్తరాల్లో మార్చుకుంటే ఖర్చు తపాలా బిళ్లలదే.

చరిత్ర అంటే వెయ్యేళ్ల కిందటిదే కానక్కరలేదు. నాగలమడికె హోబళిలో తిరుమణి చుట్టుపక్కల 5 ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రం లేచింది. 2018లో మొదలైంది. భూమిని కొనకుండా, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. వర్షం నమ్ముకున్న రైతుకు ఆ కౌలు ఆసరా. భూమి లేక కూలికి పోయేవాని సంగతి వేరు. ఈ మంచిచెడ్డలు పెద్దలు తేల్చుకుంటారు. నాకు పట్టిన దిగులు ఇంకొకటి. ప్రతి చేనుకూ ఒక పేరుంటుంది – బావి చేను, బండ చేను, తాత కొన్న చేను అని. అద్దాల కింద సర్వే నంబరు మిగులుతుంది, పేరు మిగలదు. ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్లు ఇంకా అరుగుల మీద ఉన్నారు. ఒక తరగతి పిల్లలు ఒక నెలలో అవన్నీ రాసి పెట్టగలరు. ఇరవై ఏళ్ల తర్వాత ఎంత పెద్ద పండితుడూ రాయలేడు. వై.ఎన్. హొసకోట బస్సు బోర్డు మీది రెండు పొడి అక్షరాల వెనక యర్రమంచి నాయకుడనే పాళెగాడు దాగి ఉన్నాడని ఆ ఊరి మగ్గాల దగ్గర ఆడుకునే పిల్లల్లో ఎందరికి తెలుసు? పేరు పొట్టిదైనప్పుడల్లా ఇలా కొంత చరిత్ర జారిపోతుంది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది పరీక్ష. మధ్యప్రదేశ్‌లో ఏకలవ్య సంస్థ 1986 నుంచి 2002 దాకా కొన్ని మిడిల్ స్కూళ్లలో సాంఘికశాస్త్రాన్ని కొత్త పుస్తకాలతో నడిపింది. పరీక్షలో పుస్తకం తెరిచి చూసి రాయవచ్చు. కంఠస్థం చేసే పని తప్పితే పిల్లలు ఆలోచించి రాస్తారని అక్కడ తేలింది. ఆ ప్రయత్నాన్ని ప్రభుత్వం కొనసాగించకపోవడం వేరే విషాదం. మన దగ్గర పరీక్ష మార్చడం మన చేతిలో లేదు. కైఫీయతును పరీక్షకు బయటే ఉంచుదాం, శనివారం మధ్యాహ్నానికి అది చాలు.

రెండో అభ్యంతరం మనవాళ్ల నుంచే వస్తుంది: ఏ భాషలో రాయాలి? పావగడలో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం రాదు. ముందు లిపి నేర్పి తర్వాత చరిత్ర అంటే ఈ తరం దాటిపోతుంది. అవ్వ చెప్పింది తెలుగులో వినండి, ఆమె మాటలను ఉన్నదున్నట్టు కన్నడ లిపిలోనే రాయండి అంటాను నేను. మన లిపి కాదని కొందరికి నొప్పి కలగవచ్చు. మాట నిలిస్తే లిపి వెతుక్కుంటూ వస్తుంది, మాట పోతే లిపి దేనికి? స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాటు సరస్సు ఊళ్ల తెలుగును అచ్చులోకి తెచ్చాక, ఆ నుడికారం విని ఎందరో తమ ఊరి మాటను గుర్తు చేసుకున్నారు. పావగడ తెలుగుకు అలాంటి పుస్తకం రావాలంటే దాని ముడిసరుకు ఈ పిల్లల నోటుపుస్తకాల్లోనే పోగవుతుంది. తెలుగు వచ్చిన మేష్ట్రు ఒకరుంటే ఆ రాతను రెండు లిపుల్లోకీ ఎత్తిరాయవచ్చు. కన్నడం ఇంటిభాషగా ఉన్న పిల్లలూ అదే జట్టులో ఉండాలి. వాళ్ల అజ్జి చెప్పిన సంగతి, మన అవ్వ చెప్పిన సంగతి పక్కపక్కన పెట్టి చూస్తేగాని ఏదెంతవరకు నిజమో తేలదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో ఉపాధ్యాయులున్నారు, బడి మానేసి ముప్పై ఏళ్లయినవాళ్లూ ఉన్నారు. హోసూరు, బళ్లారి, కోలారు దిక్కుల ఉన్నవాళ్ల పొలిమేరలు వేరైనా చిక్కు ఇదే. మీ ఊరి పిల్లలచేత ఒక్క పుట రాయించండి. ఊరి పేరు, చెరువు పేరు, నాలుగు చేల పేర్లు, ఒక రాతి బొమ్మ, ఆ సంగతులు చెప్పినవాళ్లు ఎవరన్నది. తప్పులు దిద్దకుండా పంపండి. అవి అచ్చులో చూసుకున్న పిల్లలు మరుసటి ఏడాది పాఠ్యపుస్తకాన్ని కూడా ఇంకో కంటితో చదువుతారని నా నమ్మకం. నా ప్రతిపాదనలో లోపాలుంటే పాఠకులు రాయాలి, ముఖ్యంగా తరగతి గదిలో నిలబడే అనుభవం ఉన్నవాళ్లు.